చుక్క ఎక్కడ పెట్టాలి

గుంటూరు మిర్చి యార్డులో క్వింటాలు ధర 14,250 రూపాయలు పలికిందనుకుందాం. కాటా మీద టిక్కీ, అంటే మిర్చి బస్తా, 43.6 కిలోలు తూగింది. రైతుకు ఎంత రావాలి? కిలో 142.5 రూపాయలు, దాన్ని 43.6తో గుణించాలి. బళ్ళో నేర్పిన పద్ధతిలో అయితే చుక్కలు రెండూ పక్కన పెట్టి 1425ని 436తో మూడు వరసల్లో గుణిస్తాం, వరసలు కూడతాం, చివర రెండు స్థానాలు లెక్కపెట్టి చుక్క పెడతాం. అందులో తప్పేమీ లేదు. కానీ చేతిలెక్కలో పండిన గుమాస్తా అంత దూరం వెళ్ళడు. 43.6 అంటే 40కి 4 కలిపి, అందులోంచి 0.4 తీసేసింది. 142.5ని నాలుగుతో గుణిస్తే 570. గుణకారం అక్కడితో అయిపోయింది. దానికి పదింతలు 5700, అదే ఒకసారి 570, అందులో పదోవంతు 57. 5700కి 570 కలిపితే 6270, అందులో 57 పోతే 6213. కాగితం ముట్టుకోకుండానే లెక్క తేలిపోయింది.

దశాంశాల లెక్కలో పనులు రెండు. అంకెలు తేల్చడం ఒకటి. ఆ అంకెల మధ్య చుక్క ఎక్కడ పడాలో తేల్చడం ఇంకొకటి. 6, 2, 1, 3 అనే అంకెలు తెచ్చిపెట్టేది గుణకారం. అది ఆరొందల చిల్లరా, ఆరువేల చిల్లరా, అరవైరెండు వేలా అని చెప్పేది అంచనా. నలభై చిల్లర కిలోలు, కిలో నూటనలభై చిల్లర. నాలుగు పద్నాలుగులు యాభై ఆరు కాబట్టి జవాబు ఐదువేల ఆరొందలకు కొంచెం పైన ఉండి తీరాలి. లెక్క మొదలుపెట్టకముందే ఈ మాట మనసులో పడితే, చుక్క తన చోట తానే కూర్చుంటుంది. క్యాలిక్యులేటరు మొదటి పనిని మనకంటే బాగా చేస్తుంది. రెండో పని దానిది కాదు. 43.6 బదులు పొరపాటున 436 నొక్కితే 62,130 అని కూడా అంతే నమ్మకంగా చూపిస్తుంది. చేతిలెక్క నేర్చుకోవాలని నేను గట్టిగా అనేది ఈ రెండో పని కోసమే.

మన బళ్ళలో ఈ క్రమం తలకిందులుగా నడుస్తోంది. అంకెలు ముందు, చుక్క చివర. చుక్క పెట్టడానికి ‘రెండు సంఖ్యల్లోనూ చుక్క తరవాత ఎన్ని అంకెలున్నాయో కూడు, జవాబులో కుడినుంచి అన్ని లెక్కపెట్టు’ అని ఒక సూత్రం. సూత్రం సరైనదే. 142.5 అంటే పదో వంతుల్లో 1425, 43.6 అంటే పదో వంతుల్లో 436. పదో వంతును పదో వంతుతో గుణిస్తే నూరో వంతు వస్తుంది గనుక రెండు స్థానాలు. ఈ కారణం చెప్పకుండా సూత్రం ఒక్కటే చెప్పడం వల్ల పిల్లలు 2.5ని 0.4తో గుణించమంటే పప్పులో కాలేస్తారు. 25 నాలుగులు 100. చివరి సున్నాలు ఎలాగూ అక్కర్లేదు కదా అని ముందే కొట్టేసి, మిగిలిన 1కి రెండు స్థానాలు లెక్కపెట్టి 0.01 అని రాస్తారు. అదే పిల్లవాణ్ణి ‘రెండున్నరలో సగం ఎంత? 0.4 సగంకన్నా కాస్త తక్కువే కదా?’ అని అడిగి చూడండి. ఒకటింబావుకు కాస్త తక్కువ అంటాడు. 1.00 తప్ప ఇంకే జవాబూ అక్కడ నిలవదు. ఒకటికన్నా చిన్నదానితో గుణిస్తే తగ్గుతుంది, భాగిస్తే పెరుగుతుంది. ఈ రెండు మాటలు ఎక్కాలతోపాటు నోటికి రావాలి.

కూడికలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. కాగితం మీద కుడినుంచి మొదలుపెడతాం, అంటే అన్నిటికన్నా తక్కువ విలువున్న పైసల దగ్గర్నుంచి. నోటి లెక్క చేసేవాళ్ళు ఎడమనుంచి వస్తారు. 387.40, 265.85, 148.50 కూడాలి. వందలు మూడు, రెండు, ఒకటి కలిపి ఆరొందలు. పదులు ఎనభై, అరవై, నలభై కలిపి నూటఎనభై, మొత్తం ఏడొందల ఎనభై. ఒకట్లు ఏడు, ఐదు, ఎనిమిది ఇరవై, అంటే ఎనిమిదొందలు. పైసలు నలభై, ఎనభై ఐదు, యాభై కలిపి రూపాయీ డెబ్బై ఐదు. జవాబు 801.75. మధ్యలో ఎవరైనా పిలిచి లెక్క ఆగిపోయినా ‘ఎనిమిదొందల దగ్గర ఉంది’ అన్నది చేతిలో మిగులుతుంది. కుడినుంచి వచ్చినవాడికి మధ్యలో ఆగితే మిగిలేది పైసలే.

ఈ ఒడుపు మనకు దశాంశాలతో వచ్చింది కాదు. అంతకుముందే మన ఊళ్ళలో ముక్కలతో లెక్క కట్టే పద్ధతి ఒకటి వందల ఏళ్ళు నడిచింది. అది పదుల మీద కాకుండా నాలుగుల మీద నిలబడింది. ఒకటిలో నాలుగోవంతు పావు. పావులో నాలుగోవంతు, అంటే పదహారోవంతు, వీసం. వీసంలో నాలుగోవంతు, అరవై నాలుగోవంతు, కాణి. మధ్యలో సగాలు: ఒకటికి అర, పావులో సగం పరక. కొలతలూ ఇలాగే పుట్టాయి. ప్రాంతాన్ని బట్టి తేడాలున్నా, ఎక్కువగా చెప్పే లెక్క ఇది: సోలకు నాలుగు గిద్దలు, తవ్వకు రెండు సోలలు, మానికకు రెండు తవ్వలు, కుంచానికి నాలుగు మానికలు, తూముకు నాలుగు కుంచాలు. పుట్టికి ఇరవై తూములన్న ఒక్కచోట తప్ప మెట్లన్నీ రెండులు, నాలుగులే. ధాన్యం రాశిని రెండు భాగాలు చేయడం, ఆ భాగాన్ని మళ్ళీ రెండు చేయడం కంటికీ చేతికీ తెలిసిన పని. పది సమభాగాలు చేయమంటే కొలత కావాలి. సగం చేయడానికి తక్కెడ చాలు.

రాతలో ఈ పద్ధతికి ఉన్న అందం చాలామందికి తెలియదు. పావుల స్థానానికి నిలువు గీతలు, వీసాల స్థానానికి అడ్డగీతలు, కాణుల స్థానానికి మళ్ళీ నిలువు గీతలు. ఒక నిలువు గీత, రెండు అడ్డగీతలు, మూడు నిలువు గీతలు వరసగా కనిపిస్తే ఒక పావు, రెండు వీసాలు, మూడు కాణులు. కలిపితే అరవై నాలుగింట ఇరవై ఏడు వంతులు. గీత తిరిగిన దిక్కే స్థానం చెబుతుంది కాబట్టి చుక్క అవసరం రాలేదు. పావుల, కాణుల స్థానంలో గీతలేవీ లేకపోతే వేసే గుర్తు హళ్ళి. ఈ గుర్తులన్నీ 2008లో యూనికోడ్‌లో చేరాయి, ఇప్పుడు కంప్యూటరు మీద కూడా రాసుకోవచ్చు. అదే ఇరవై ఏడు వంతులను దశాంశాల్లో రాస్తే 0.421875. మూడు స్థానాల్లో తేలిపోయినది ఆరు స్థానాలు తిన్నది. సగం చేసిన కొద్దీ దశాంశంలో ఒక్కో అంకె పెరుగుతుంది: 0.5, 0.25, 0.125, 0.0625. దీనికి ఎదురుగా, ఐదోవంతును వీసాల్లో, కాణుల్లో ఎంత చీల్చినా తెమలదు. దశాంశంలో 0.2 అని ఒక్క అంకెతో అయిపోతుంది. మూడోవంతు రెండింటికీ లొంగదు. ప్రతి పద్ధతికీ తనకు సులువైన ముక్కలు కొన్ని, కొరకరాని కొయ్యలు కొన్ని.

మన శాస్త్రగ్రంథాలు ముక్కల లెక్కను చాలా శ్రద్ధగా పట్టించుకున్నాయి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో భిన్నాల మీద విస్తారమైన భాగం ఉంది. హారాలను కలపడానికి కనిష్ఠ సామాన్య గుణిజం పట్టే పద్ధతినీ, ఒక భిన్నాన్ని లవంలో ఒకటే ఉండే చిన్న భిన్నాల మొత్తంగా విడగొట్టే సూత్రాలనూ ఆయన ఇచ్చాడు. పదకొండో శతాబ్దం వాడని చెప్పే పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దాన్నే చెప్పుకుంటాం. మల్లన పనికి మనం ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం. తెలుగు కావ్యభాష ఇంకా రూపు దిద్దుకుంటున్న రోజుల్లోనే ఒక మనిషి కూర్చుని భాగహారాన్నీ భిన్నాలనూ ఛందస్సులో పెట్టాడంటే, వాటిని నోటికి నేర్చుకునే తెలుగువాళ్ళు ఉంటారన్న నమ్మకంతోనే కదా.

ఒకట్లు, పదులు, వందలు అనే స్థానాల పద్ధతి ప్రపంచానికి ఇచ్చిన దేశంలో ఒకటికి లోపలి ముక్కలు మాత్రం చాలాకాలం లవం కింద హారంగానో, పావులు వీసాలుగానో ఉండిపోయాయి. స్థానాలను ఒకటికి కుడివైపుకు కూడా పొడిగించడం 952లో డమాస్కస్‌లో అల్ ఉక్లీదిసీ రాసిన పుస్తకంలో కనిపిస్తుంది. పదిహేనో శతాబ్దంలో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ ఆ పద్ధతిని పూర్తిగా వాడుకలో పెట్టాడు. 1585లో సైమన్ స్టెవిన్ వర్తకులకూ భూమి కొలిచేవాళ్ళకూ పనికొచ్చేలా చిన్న పుస్తకం వేశాక యూరప్‌లో అది బాగా పాకింది. ఇంగ్లీషు చదువులతో మన బళ్ళలోకి వచ్చినా, దశాంశాలు మన బజార్లోకి దిగడానికి 1957 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు, అంటే రూపాయికి అరవై నాలుగు. చూడండి, అణా అంటే రూపాయిలో వీసం, పైసా అంటే కాణి. కొత్త లెక్కలో అణా విలువ ఆరుంబావు నయాపైసలు. పావు నయాపైసా నాణెం లేదు కాబట్టి మార్పిడి పట్టిక వేశారు: అణాకు 6, బేడకు, అంటే రెండణాలకు, 12, మూడణాలకు 19, పావలాకు 25. అణా వస్తువు మూడుసార్లు విడివిడిగా కొంటే 18, మూడూ ఒకేసారి కొంటే 19. సవరింపు ఎప్పుడు చేయాలన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఆ పట్టిక ఒక్కటే చాలు తెలుసుకోవడానికి. ముక్కలు ముందు కూడి చివర సవరించాలి. ప్రతి మెట్టులోనూ సవరిస్తూ పోతే చిల్లర ఎటో జారిపోతుంది. నూరు వరసలున్న పద్దులో ఆ జారుడు చిన్నది కాదు. తరవాతి ఏడాది అక్టోబరు నుంచి తూనికల్లోకి కిలోగ్రాములు దశలవారీగా వచ్చాయి. నూటఇరవై తులాల వీశె, ఎనిమిది వీశెల మణుగు క్రమంగా కనుమరుగయ్యాయి. 1964లో నయాపైసల ముందున్న ‘నయా’ పోయింది. పావలా నాణెం మాత్రం 2011 దాకా చెల్లింది.

నాణేలు పోయినా పావులు, పరకలు, వీసాల చూపు దశాంశాల లెక్కకు ఈనాటికీ పనికొస్తుంది, అదీ బాగా. 0.125 కనిపిస్తే పరక, ఎనిమిదితో భాగించు. 0.0625 కనిపిస్తే వీసం, నాలుగుసార్లు సగం చెయ్యి. 0.875 అంటే ఒకటికి పరక తక్కువ. 48ని 6.25తో గుణించాలంటే వరసలు వేయక్కర్లేదు. ఆరుంబావు అంటే నూటిలో వీసం, 48లో వీసం మూడు, కాబట్టి మూడొందలు. పద్దెనిమిది శాతం జీఎస్టీ కట్టాలంటే ఇరవై శాతం తీసి, అందులో పదోవంతు తగ్గించాలి: 1450కి 290, దాంట్లో 29 పోతే 261. మిర్చి టిక్కీ దగ్గర చేసిన పనే ఇది. సంఖ్యను అలాగే పట్టుకుని గుద్దులాడకుండా, విరిగే చోట విరవడం.

ఈ విరవడం బాగా కనిపించేది వడ్డీ లెక్కలో. ప్రామిసరీ నోటు మీద 37,500 రూపాయలు, నూటికి రూపాయిన్నర వడ్డీ, ఏడు నెలల ఇరవై రోజులైంది. ఊళ్ళో పెద్దలు దీన్ని మూడు ముక్కల్లో కడతారు. ఆరు నెలలకు నూటికి తొమ్మిది, 37,500కి 3,375. ఒక నెలకు అందులో ఆరోవంతు, 562.50. ఇరవై రోజులంటే నెలలో మూడింట రెండు వంతులు, 375. మొత్తం 4,312.50. ఏడు నెలల ఇరవై రోజులను 7.6666 అని క్యాలిక్యులేటరులో కొట్టినవాడికి 4,312 రూపాయల 46 పైసలు వస్తుంది. తేడా నాలుగు పైసలే. కానీ నోటుకు రెండువైపులా ఉన్న ఇద్దరి ముందూ చేసే లెక్కలో ముక్క ముక్కా ఇద్దరికీ కనపడుతుంది, ఎక్కడ తేడా వచ్చినా అక్కడే వేలు పెట్టి అడగొచ్చు. ఇలా ఎదుటివాడు కూడా వెంట నడవగలిగేలా ఉండటం చేతిలెక్కకున్న గొప్ప గుణం. అప్పు తీసుకున్న మనిషికి తన వడ్డీ తానే కట్టుకోవడం రాకపోతే, అవతలివాడు చూపించిన అంకెకు తల ఊపడం తప్ప దారి లేదు. నేను ఈ వ్యాసంలో ఒక్క లెక్క మాత్రమే నేర్పగలిగితే ఈ లెక్కే నేర్పుతాను.

భాగహారం దగ్గరికి వస్తే చాలామంది జంకుతారు. విభాజకంలో చుక్క ఉంటే మరీను. రెండు సంఖ్యలనూ ఒకే పెట్టున పదితోనో వందతోనో పెంచితే భాగఫలం మారదు, అంతే సంగతి. బండి 6.4 లీటర్ల పెట్రోలుకు 312.5 కిలోమీటర్లు నడిచింది, లీటరుకు ఎంత? చుక్కలు రెండూ ఒక్కో స్థానం జరిపితే 3125ని 64తో భాగించడం. అరవై నాలుగంటే ఆరుసార్లు సగం. 1562.5, 781.25, 390.625, 195.3125, 97.65625, 48.828125. అంచనా ముందే వేసుకుని ఉంటే, ఆరు యాభైలు మూడొందలు, కాబట్టి యాభైకి దగ్గర.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. 48.828125 అని రాసుకోవడం తప్పు లెక్క కాకపోయినా సరైన లెక్క కాదు. పెట్రోలు 6.4 లీటర్లని మనం అన్నది పదోవంతు దాకే చూసి. అది 6.35 కావచ్చు, 6.45 కావచ్చు. 6.45 అయితే మైలేజీ 48.4, 6.35 అయితే 49.2. చుక్క తరవాత మొదటి అంకే కదిలిపోతుంటే ఆరో అంకెకు అర్థం ఎక్కడుంది? 48.8 అని రాయడం కూడా కొంచెం ధైర్యమే, నలభై తొమ్మిది దాకా అంటే నిజాయితీ. చేత్తో సగం చేసుకుంటూ వచ్చేవాడికి ఒక్కో అంకెకూ శ్రమ ఉంది, అందుకే ఎక్కడ ఆపాలో ఆలోచిస్తాడు. మీట నొక్కితే వచ్చిన అంకెలకు ఖర్చు లేదు గనుక అవన్నీ నివేదికల్లోకి, పత్రికల్లోకి ఎక్కేస్తాయి. విద్యార్థుల ప్రాజెక్టు రికార్డుల్లో స్కేలుతో కొలిచిన పొడవులకు చుక్క తరవాత ఎనిమిదేసి అంకెలు చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

లెక్క సరిచూసుకోవడానికి తొమ్మిదులు తీసేసే పద్ధతి ఒకటుంది. పదో శతాబ్దపు రెండో ఆర్యభటుడి మహాసిద్ధాంతంలోనే ఇది కనిపిస్తుంది. అంకెలు కూడుతూ ఒక్క అంకె మిగిలేదాకా తేవాలి. 142.5లో ఒకటి, నాలుగు, రెండు, ఐదు పన్నెండు, అంటే మూడు. 43.6లో పదమూడు, అంటే నాలుగు. మూడు నాలుగులు పన్నెండు, మళ్ళీ మూడు. జవాబు 6213లో కూడా పన్నెండు, మూడు. సరిపోయింది. సరిపోకపోతే లెక్క తప్పినట్టే. సరిపోతే మాత్రం తప్పకుండా ఒప్పని కాదు. 6213 బదులు 6231 రాసినా, చుక్క తప్పుచోట పెట్టినా తొమ్మిదులు పట్టుకోలేవు. చుక్కను పట్టుకునేది అంచనా ఒక్కటే. అందుకే రెండూ కావాలి. పద్దుల కూడికలకు మరో పద్ధతి: పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. అదే దారిలో రెండోసారి వెళితే కన్ను మొదటి తప్పునే మళ్ళీ చేస్తుంది.

చుక్క ఎక్కడుందన్నదే కాదు, అది ఏం చెబుతోందన్నది కూడా చూడాలి. మన రెండు రాష్ట్రాల పొలాల లెక్కల్లో దీనికి మించిన ఉదాహరణ లేదు. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్లు. 1.25 అంటే ఎకరం పాతిక సెంట్లు, ఒకటింబావు ఎకరం. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. అక్కడ 1.25 అంటే ఎకరం పాతిక గుంటలు, అంటే ఒకటిన్నర ఎకరం దాటి ఇంకో పరక. చుక్క ఒక్కటే, అంకెలవే, భూమి వేరు. అన్న పేర 1.25, తమ్ముడి పేర 1.20 ఉంటే ఇద్దరిదీ కలిపి ఎంత? ఆంధ్రలో 2.45. తెలంగాణలో పాతిక, ఇరవై నలభై ఐదు గుంటలు. అందులో నలభైకి ఎకరం చేతికి తీసుకుంటే ఐదు గుంటలు మిగిలి 3.05. క్యాలిక్యులేటరు ఇక్కడా 2.45 అనే చెబుతుంది.

అంతటితో అయిపోలేదు. ఆ మూడెకరాల ఐదు గుంటలు ఎకరం పద్దెనిమిది లక్షల చొప్పున అమ్ముతున్నారనుకోండి. 3.05ని 18తో గుణిస్తే 54.9 లక్షలు. కానీ ఐదు గుంటలంటే నలభైలో ఎనిమిదోవంతు, పరక ఎకరం, 0.125. అసలు విస్తీర్ణం 3.125 ఎకరాలు. పద్దెనిమిది మూడులు యాభై నాలుగు, పద్దెనిమిదిలో పరక రెండుంబావు, మొత్తం 56.25 లక్షలు. ఒక చుక్కను తప్పుగా చదివినందుకు లక్షా ముప్పై ఐదు వేలు తేడా. గజాల్లో వేసినా ఇదే తేలుతుంది, గుంటకు 121 చదరపు గజాలు, ఎకరానికి 4840. కరీంనగర్లోనో నల్గొండలోనో పొలం కొనే గుంటూరు మనిషి, కృష్ణా జిల్లాలో కొనే వరంగల్ మనిషి ముందుగా అడగాల్సిన ప్రశ్న ‘ఈ చుక్క తరవాతవి సెంట్లా, గుంటలా?’ అన్నదే.

చేతిలెక్క అనగానే ఇప్పుడు చాలామందికి వేదగణితం గుర్తొస్తుంది. పూరీ శంకరాచార్యులుగా ఉన్న భారతీకృష్ణ తీర్థ రాసిన పుస్తకం ఆయన పోయాక 1965లో అచ్చయింది, దాని మీద శిక్షణ తరగతులు ఊరూరా నడుస్తున్నాయి. అందులోని కిటుకులు కొన్ని ముచ్చటైనవి. నూటికి దగ్గరి సంఖ్యల గుణకారం పిల్లలకు ఆటలా ఉంటుంది. కానీ కాటా మీద తూగే సంఖ్య నూటికి దగ్గరగా ఉండాలని లేదు. కిటుకును బట్టి సంఖ్యను వెతకడం కాకుండా, ఎదురైన సంఖ్యను ఎలా విరవాలో చూడటం నేర్పాలి. కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మకు పుట్టుకతోనే చూపు లేదు. గణితావధానాల్లో ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా నోటితో జవాబు చెప్పిన మనిషి ఆయన. పలకా బలపం ఎన్నడూ చేతికి రాని మనిషికి సంఖ్య చెవిలో, మనసులో రూపుకట్టింది. అంతటి ప్రతిభ అందరికీ రాదు. పావులు, పరకలు, అంచనాలు మాత్రం ఏ ఐదో తరగతి పిల్లకైనా వస్తాయి. ఇరవై ఎక్కాలతోపాటు పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా వల్లె వేయించే అలవాటు మళ్ళీ రావాలని నేను కోరుకుంటాను. 0.75ని పన్నెండుతో గుణించమంటే ఆ పిల్ల చుక్క గురించి ఆలోచించనే ఆలోచించదు, తొమ్మిది అంటుంది.

వర్గమూలం కూడా చేతిలెక్కకు అందేదే. 33 అడుగులు, 45 అడుగుల స్థలంలో ఇంటికి ముగ్గు పోయాలి. మూలలు సరిగ్గా కుదిరాయో లేదో చూడటానికి మేస్త్రి ఎదురెదురు మూలలకు టేపు పట్టి క్రాసు కొలుస్తాడు. రెండు క్రాసులూ సమానమైతే మూలలు సరి. ఎంత రావాలో ముందే తెలిస్తే పని ఒక్కసారికే కుదురుతుంది. 33ని 33తో గుణిస్తే 1089, 45ని 45తో గుణిస్తే 2025, మొత్తం 3114. యాభై ఆరు యాభై ఆరులు 3136, మనకు కావలసినదానికన్నా 22 ఎక్కువ. ఆ 22ని యాభై ఆరుకు రెట్టింపైన 112తో భాగిస్తే ఇంచుమించు 0.2. యాభై ఆరులో అది పోతే 55.8 అడుగులు.

ఇక్కడే మళ్ళీ చుక్క. 55.8 అడుగులు అంటే 55 అడుగుల 8 అంగుళాలు కాదు. అడుగులో 0.8 అంటే పన్నెండును ఎనిమిదితో గుణించి చుక్క జరిపితే 9.6 అంగుళాలు. టేపు మీద అంగుళానికి ఎనిమిది గీతలుంటాయి, ఒక్కో గీతా ఒక పరక. తొమ్మిదిన్నర అంగుళాల పైన ఒక పరక గీత, 9.625, దాని దగ్గర గుర్తు పెట్టుకోవచ్చు. లెక్క మీద అనుమానం ఉంటే 55.8ని వర్గం చేసి చూస్తే 3113.64 వస్తుంది, 3114కి 0.36 తక్కువ. దాన్ని 111.6తో భాగిస్తే వచ్చేది అడుగులో వెయ్యింట మూడు వంతులు, సుమారు ఒక మిల్లీమీటరు. మేస్త్రి కట్టే దారం మందమే అంత ఉంటుంది కాబట్టి ఇంకో అంకె కోసం భాగించనక్కర్లేదు.